లెగ్ డే (కాళ్ళ వ్యాయామం రోజు) మర్నాడు మెట్లు దిగలేకపోతున్నారా? బరువులెత్తాక ఒళ్ళు తేరుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఒంగోలులో మేము వెళ్ళే జిమ్ రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ లేదు. సోమవారం హుషారుగా స్క్వాట్లు (కూర్చుని లేచే బస్కీలు) కొట్టిన కొత్త కుర్రాళ్ళు బుధవారం సాయంత్రం వచ్చేటప్పుడు ఎలాగో ఎక్కేస్తారు. దిగేటప్పుడు చూడాలి. ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, పళ్ళ బిగువున దిగుతారు. శుక్రవారం వాళ్ళలో కొందరు కనపడరు. "ఒళ్ళు నొప్పులన్నా, తగ్గాక వస్తా" అని మెసేజ్ పెడతారు. నొప్పి తగ్గుతుంది, మనిషి మాత్రం మళ్ళీ రాడు.

పదకొండేళ్ళుగా ఇది చూస్తున్నాను. వాళ్ళది బద్ధకం కాదు. ఆ నొప్పి ఏమిటో, ఎన్నాళ్ళుంటుందో, ఆ రోజుల్లో ఏం చెయ్యాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఇంట్లో అమ్మ "ఎవరు చెయ్యమన్నారురా నిన్ను" అంటుంది. జిమ్‌లో పక్కవాడు "నొప్పి వచ్చిందంటే కండ పెరుగుతున్నట్టే, కొట్టు" అంటాడు. ఆ రెండు మాటలతోనూ పని జరగదు. బరువెత్తడం పనిలో సగం, ఎత్తాక ఒంటిని తేరుకోనివ్వడం మిగతా సగం. ఆ రెండో సగం ఎలా చెయ్యాలో వరసగా చెబుతాను.

1. ముందు ఆ నొప్పి ఏమిటో తెలుసుకోండి

బరువులెత్తిన రోజు రాత్రి పెద్దగా ఏమీ తెలియదు. మర్నాడు పొద్దున మంచం దిగబోతే తొడలు బిగుసుకుని ఉంటాయి. రెండో రోజుకి నొప్పి ముదురుతుంది. మామూలుగా 12 నుంచి 24 గంటల మధ్య మొదలవుతుంది, 24 నుంచి 72 గంటల మధ్య బాగా పీకుతుంది, వారం తిరిగేలోపు పూర్తిగా పోతుంది. నిన్నటికంటే ఇవాళ ఎక్కువైంది కదా అని కంగారు పడక్కర్లేదు. దాని నడకే అంత.

"లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, చెమట పట్టిస్తే పోతుంది" అని ఇప్పటికీ చాలామంది కోచ్‌లు చెబుతారు. అది నిజం కాదు. వ్యాయామంలో పుట్టిన లాక్టేట్ గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు వచ్చే నొప్పికి దానితో సంబంధం లేదు. కండరం లోపల కలిగే చిన్న చిన్న చిరుగులే ఇలా ఆలస్యంగా వచ్చే నొప్పికి కారణం కావచ్చని థియోడర్ హఫ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. ఇప్పుడు ఇంకొంచెం వివరంగా తెలిసింది. కండర పోగులకూ వాటిని చుట్టిన పొరలకూ కంటికి కనపడనంత దెబ్బ తగులుతుంది. దాన్ని బాగుచేసుకునే పనిలో ఒళ్ళు అక్కడ కొద్దిగా వాపు పుట్టిస్తుంది. ఆ సమయంలో నరాల కొసలు సున్నితమవుతాయి. అందుకే నొక్కితే నొప్పి, కదిలిస్తే నొప్పి, కదలకుండా కూర్చుంటే ఏమీ ఉండదు.

ఇందులో అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. కండరానికి ఎక్కువ దెబ్బ తగిలేది బరువు లేపేటప్పుడు కాదు, దించేటప్పుడు. దించేటప్పుడు కండరం బరువును కాస్తూనే సాగుతుంది. తిరుమల కొండ నడిచి ఎక్కిన వాళ్ళకంటే నడిచి దిగిన వాళ్ళకే మర్నాడు తొడలు ఎక్కువ పీకుతాయి, కారణం ఇదే. స్క్వాట్‌లో కిందకి కూర్చోవడం, వెల్లకిలా పడుకుని చేసే బెంచ్ ప్రెస్‌లో బార్‌ను గుండెల మీదకు తెచ్చుకోవడం, డంబెల్‌ను మెల్లగా కిందకి వదలడం నొప్పి తెచ్చే భాగాలు. అవి మానేయమని కాదు, కండ పెరగడానికి అవీ కావాలి. మొదటి రోజుల్లో వాటి మోతాదు చూసుకోమని.

అదే వ్యాయామాన్ని పది రోజుల తర్వాత మళ్ళీ చేస్తే మొదటిసారి వచ్చిన నొప్పిలో కొంతే వస్తుంది. ఒక్కసారి తిన్న దెబ్బతోనే కండరం తనను కాచుకోవడం నేర్చుకుంటుంది, ఆ కాపు కొన్ని వారాలు ఉంటుంది. మొదటి వారం నొప్పి చూసి మానేసే వాళ్ళు రెండో వారం హాయి చూడకుండానే వెళ్ళిపోతున్నారు. నాకు బాధ అదే.

ఇక నొప్పి రాకపోతే కండ పెరగదా? పెరుగుతుంది. నొప్పి కొత్తదనానికి గుర్తు, ఎదుగుదలకు కొలత కాదు. పోయిన నెల 40 కిలోలతో 8 సార్లు చేసిన వాడు ఈ నెల అదే బరువుతో 11 సార్లు చేస్తే, ఒక్కరోజు కూడా నొప్పి రాకపోయినా, ఎదిగినట్టే.

2. మామూలు నొప్పి ఏది, ఆసుపత్రికి పోవాల్సింది ఏది

మామూలు నొప్పి కండ అంతటా పరుచుకుని ఉంటుంది. రెండు తొడలూ, లేదా రెండు జబ్బలూ దాదాపు ఒకేలా పీకుతాయి. కాస్త నడిచి ఒళ్ళు వేడెక్కితే సడలుతుంది. దెబ్బ తగిలితే అలా ఉండదు. బరువెత్తుతుండగానే 'కలుక్కు'మంటుంది. ఒకే చోట, వేలితో చూపించగలిగేలా ఉంటుంది. కీలులో ఉంటుంది, లేదా ఒక పక్కనే ఉంటుంది, లేదా కమిలి నల్లబడుతుంది. నడుము నుంచి కాలి కిందకి జివ్వుమని లాగినా, తిమ్మిరెక్కినా అది కండ నొప్పి కాదు. వీటికి విశ్రాంతి, ఆ తర్వాత ఎముకల డాక్టరు. గుండెల్లో బరువుగా ఉండి, ఎడమ చెయ్యి లాగుతూ, ఆయాసం, చల్లచెమటలు ఉంటే "నిన్న బెంచ్ కొట్టాను కదా, దాని వల్లేలే" అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంకొకటి ఉంది. దాన్ని నేను దగ్గర నుంచి చూశాను.

మా బంధువుల అబ్బాయి ఒకడు కానిస్టేబుల్ సెలక్షన్లకని ఊళ్ళో స్నేహితులతో కలిసి ప్రాక్టీసు మొదలుపెట్టాడు. మొదటి రోజే పందెం వేసుకుని 500 బస్కీలు తీశారు. మర్నాడు నొప్పులు, అందరూ అనుకున్నదే. మూడో రోజుకి వాడి తొడలు ఉబ్బి ప్యాంటు ఎక్కలేదు. బాత్రూంలో కూర్చున్నవాడు లేవలేక కుళాయి పట్టుకుని వేలాడాడు. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఇంట్లో వాళ్ళు "ఎండలో తిరిగి వేడి చేసింది" అని సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు పట్టించారు. అలా ఒక రోజు పోయింది. ఆ సాయంత్రం వాడు ఫోన్లో రంగు గురించి చెప్పగానే బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అయిదు రోజులు సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు నిలబడ్డాయి.

దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. కండర కణాలు పెద్ద ఎత్తున పగిలి, లోపలి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడుతుంది. రక్తంలో సీకే (కండ పగిలితే పెరిగే ఎంజైమ్) పరీక్ష చేస్తే తెలుస్తుంది. గుర్తులు మూడు: భరించలేని నొప్పి లేదా వాపు, ఆ కాలో చెయ్యో పట్టు తప్పడం, ముదురు గోధుమ రంగు మూత్రం. మూడూ ఒకేసారి కనపడాలని లేదు. మూత్రం రంగు మారిందంటే ఇంటి వైద్యం వద్దు, ఆ పూటే ఆసుపత్రి. డాక్టరు అడగకపోయినా ఎంత వ్యాయామం చేశారో చెప్పండి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళకీ, జ్వరంలోనూ మండే ఎండలోనూ వ్యాయామం చేసేవాళ్ళకీ ఈ ముప్పు ఎక్కువ.

3. మొదటి రెండు వారాలు తక్కువ చెయ్యండి

నొప్పికి అన్నిటికంటే మంచి మందు దాన్ని ముందే తగ్గించుకోవడం. మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం రెండు సెట్లు, అంటే రెండు విడతలు, చాలు. సెట్‌కి 10 సార్లు. ఆగే సమయానికి "ఇంకో నాలుగు చెయ్యగలను" అనిపించేంత బరువే పెట్టండి. స్క్వాట్‌కి ఖాళీ బార్ (బరువులు తగిలించని ఇనుప కడ్డీ) చాలు, అదే 20 కిలోలు. మూడో వారం మూడో సెట్ కలపండి. ఆ తర్వాత వారానికి పైభాగం వ్యాయామాలకు 1 నుంచి 2.5 కిలోలు, కాళ్ళకు 2.5 నుంచి 5 కిలోలు పెంచుకుంటూ పోవచ్చు.

చిన్న బరువులు పట్టుకుంటే నామోషీ అనిపించే వాళ్ళకు ఒక సంగతి చెబుతాను. చీరాల పక్కనే ఉన్న స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదకు) 151, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, ఆపైన తల మీదకు) 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. ఆ బరువు కొన్నేళ్ళ పాటు కొద్దికొద్దిగా పేర్చుకుంటూ వచ్చింది. ఎవరికైనా మొదట చేతికిచ్చేది ఖాళీ బారే.

4. వారాన్ని పంచుకోండి

ఒకే కండరానికి గట్టి వ్యాయామం ఇచ్చాక మళ్ళీ దాని జోలికి వెళ్ళడానికి 48 నుంచి 72 గంటల ఎడం ఉంచండి. కొత్తవాళ్ళకు సోమ, బుధ, శుక్రవారాల్లో ఒళ్ళంతటికీ వ్యాయామం సరిపోతుంది. ఆరు నెలలు దాటిన వాళ్ళు ఒక రోజు పైభాగం, ఒక రోజు కింది భాగం చొప్పున వారానికి నాలుగు రోజులు చెయ్యవచ్చు.

ఈ సంగతి నాకు జిమ్‌లో అర్థం కాలేదు, మా పెదనాన్న కొట్టంలో అర్థమైంది. ఆయన బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తలను కట్టేవాడు. పందెం బండంత బరువును రోజూ కట్టేవాడు కాదు. ఒక రోజు బరువు లాగిస్తే మర్నాడు ఉత్త నడక, వేణ్ణీళ్ళతో కడగడం, ఉలవలు. గిత్త లేవగానే ఒళ్ళు విరుచుకుందా లేదా, మేతకు ఎగబడిందా లేదా అని చూసి గానీ కాడి ఎత్తేవాడు కాదు. నోరులేని జీవం కాబట్టి మనమే కనిపెట్టాలనేవాడు. మన ఒంటిని కూడా అలాగే కనిపెట్టి చూడాలి.

నేను వాడే లెక్క ఇది. జిమ్‌కి బయలుదేరే ముందు ఇంట్లో అయిదు స్క్వాట్లు, అయిదు దండీలు తీస్తాను. ఆ రోజు చెయ్యబోయే కండలో నొప్పికి పదికి ఎన్ని మార్కులో వేస్తాను. మూడు వరకు ఉంటే అనుకున్నది అనుకున్నట్టు చేస్తాను. నాలుగు నుంచి ఆరు ఉంటే సెట్లు సగం చేస్తాను, బరువు కూడా కొంచెం దించుతాను. ఏడు, ఆపైన ఉంటే ఆ కండ జోలికి పోకుండా వేరే భాగం చేస్తాను, లేదా నడుస్తాను. తొడలు ఏడులో ఉన్నప్పుడు మొండిగా స్క్వాట్ చేస్తే మోకాళ్ళు లోపలికి వంగుతాయి, భారం నడుము మీద పడుతుంది. చాలామందికి నడుము పట్టేసేది ఇలాంటి రోజునే.

5. వ్యాయామానికి ముందూ వెనకా

ముందు అయిదు నుంచి పది నిమిషాలు చురుగ్గా నడక గానీ సైకిల్ గానీ. ఆ తర్వాత ఎత్తబోయే వ్యాయామాన్నే ఖాళీ బార్‌తో ఒక సెట్, సగం బరువుతో ఒక సెట్. అయిపోయాక అయిదు నిమిషాల నడక. కాళ్ళు చేతులు సాగదీసే స్ట్రెచింగ్ చేస్తే హాయిగా ఉంటుంది, చేసుకోండి. కానీ ముందు చేసినా తర్వాత చేసినా అది మర్నాటి నొప్పిని దాదాపు తగ్గించదని పరిశోధనలు తేల్చాయి. స్ట్రెచింగ్ చెయ్యనందువల్లే నొప్పులు వచ్చాయని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

6. నీళ్ళు, ఉప్పు

మన కోస్తాలో ఎండ ఒక్కటే కాదు, ఉక్క కూడా. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఇంకా ఇంకా కారుతుంది. రేకుల షెడ్డులో నడిచే జిమ్ అయితే రోహిణి కార్తెలో సాయంత్రం అయిదింటికి బార్ ముట్టుకుంటేనే వేడి. అలాంటి రోజుల్లో పొద్దున్నే వెళ్ళండి.

ఎంత తాగాలో ఊహించక్కర్లేదు, తూకం వేసుకోవచ్చు. వ్యాయామానికి ముందు ఒకసారి, తర్వాత చెమట తుడుచుకుని ఒకసారి బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు చెమట పోయినట్టు. దానికి బదులు తర్వాతి మూడు నాలుగు గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర మెల్లమెల్లగా తాగండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉత్త నీళ్ళే గడగడా తాగకుండా ఉప్పేసిన మజ్జిగ, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్ళు కలుపుకోండి. గూడూరు నిమ్మకాయలు మనకు కొదవ లేదు, రంగు డ్రింకుల మీద డబ్బు పోసే పని లేదు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఉప్పు గురించి డాక్టరును అడగండి.

7. తిండి: ఇక్కడ మాత్రం తీరిగ్గా చదవండి

దెబ్బతిన్న కండను ఒళ్ళు బాగుచేసుకునేది మాంసకృత్తులతో. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. బరువులెత్తే వాళ్ళకు అది చాలదు. 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి ఒక సమీక్ష, కిలోకి సుమారు 1.6 గ్రాముల దాకా కండ పెరుగుదలకు ఉపయోగం ఉందనీ, ఆపైన సగటున పెద్ద తేడా లేదనీ చెప్పింది. 70 కిలోల మనిషికి అది రోజుకు 112 గ్రాములు.

మన ఇళ్ళలో అన్నం కుప్ప, పక్కన పలచటి పప్పు, గరిటెడు కూర. ఈ లెక్కన సగం కూడా అందదు. అలాగని అన్నం మానెయ్యమని నేను చెప్పను. బరువులెత్తితే కండలో నిలవ ఉన్న గ్లైకోజెన్ (శక్తినిచ్చే చక్కెర నిలవ) ఖర్చవుతుంది, దాన్ని నింపేది అన్నమే. అన్నం మానేసి గుడ్లే తింటూ, రెండో వారానికి బార్ లేవక నీరసపడేవాళ్ళను చూశాను. అన్నం ఉంచండి, పక్కన ఉన్నవి పెంచండి.

ఒక రోజు లెక్క వేసి చూపిస్తాను. పొద్దున మూడు గుడ్లు 18 గ్రాములు, రెండు పెసరట్లు సుమారు 12. మధ్యాహ్నం అన్నంలో 7, గట్టి ముద్దపప్పులో 9, పులుసులో రెండు మంచి చేప ముక్కల్లో 20, గిన్నెడు పెరుగులో 7. సాయంత్రం వ్యాయామం అయ్యాక గుప్పెడు ఎండు శనగలు ఉడికించుకుంటే 10, గ్లాసు పాలు 8. రాత్రి 150 గ్రాముల కోడి మాంసం 30. మొత్తం 121. ఇందులో ఒక్కటీ డబ్బాలో వచ్చింది కాదు. నెల్లూరు వైపు వాళ్ళకు రొయ్యలు, చేపలు చేతికందే దూరంలో ఉన్నాయి. ఒలిచిన రొయ్యలు వంద గ్రాములకు 20 గ్రాముల దాకా ఇస్తాయి. మామిడికాయ వేసిన చేపల పులుసును ఆదివారానికే దాచుకోకుండా వారానికి మూడు సార్లు చేసుకోవచ్చు. నూనె ఒక్కటే తగ్గించుకోండి.

శాకాహారులకు మీల్ మేకర్ పెద్ద ఆధారం. ఎండువి 50 గ్రాములు నానేస్తే 26 గ్రాముల ప్రోటీన్. పనీర్ వంద గ్రాములకు 18. వేరుశనగలు వందకు 25 ఇస్తాయి గానీ కొవ్వు కూడా బోలెడు, గుప్పెడుతో ఆగాలి.

ఉలవల గురించి ఒక మాట. ఉలవచారు తాగితే బలం అని మన నమ్మకం. ఉలవల్లో వందకు 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉన్న మాట నిజం. కానీ అది ఎక్కువగా గింజలోనే ఉంటుంది. కాచి వంచిన చారు మనం తాగి, ఉడికిన గింజలు గొడ్లకు పెట్టడం పాత అలవాటు. చారు రుచికి తాగండి, గుగ్గిళ్ళు కూడా మీరే తినండి.

మొత్తాన్ని ఒకే పూట కాకుండా మూడు నాలుగు పూటలకు, పూటకు 20 నుంచి 40 గ్రాములుగా పంచండి. వ్యాయామం ముగిసిన అరగంటలో తినకపోతే అంతా వృథా అన్న టెన్షన్ అక్కర్లేదు, రెండు గంటల్లో భోజనం చేస్తే చాలు. వే ప్రోటీన్ అంటే పాల నుంచి తీసిన పొడి, తిండితో లెక్క కుదరని రోజుకు వాడుకోవచ్చు. క్రియేటిన్ అనే పొడి రోజుకు 3 నుంచి 5 గ్రాములు ఆరోగ్యవంతులకు బలం పెంచడంలో పనిచేస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా వద్దు. విడిగా కట్టిచ్చే పేరులేని పొడులు, "కోర్సు" అని చెప్పి పొడిచే ఇంజక్షన్లు ఎవరిచ్చినా తీసుకోకండి. అవి గుండెనూ, లివర్‌నూ, పిల్లలు పుట్టే శక్తినీ దెబ్బతీస్తాయి.

మద్యం తాగితే కండ బాగుచేసుకునే పని మందగిస్తుంది, నిద్ర చెడుతుంది. లెగ్ డే రాత్రి పార్టీ వద్దు.

8. నిద్ర

ఏడు నుంచి తొమ్మిది గంటలు. దీనికి బదులు ఇంకొకటి లేదు. కండ బాగుచేసుకునే పనికి నిద్ర ఆధారం. నిద్ర తగ్గితే నొప్పి కూడా ఉన్నదానికంటే ఎక్కువగా తెలుస్తుంది.

టీ, కాఫీలలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి పడుకునే మనిషి సాయంత్రం ఆరింటికి కెఫీన్ ఉండే ప్రీ-వర్కవుట్ పొడి కలుపుకుని తాగితే పడుకునే వేళకు సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత ఆపెయ్యండి. వేసవిలో డాబా మీద వేడి దిగదు కాబట్టి పడుకునే ముందు స్నానం చేసి, పల్చటి నూలు దుప్పటి మీద పడుకోండి.

మా జిమ్‌లో రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళు, ఏరేటర్లు (నీటికి గాలి కలిపే యంత్రాలు) చూసుకునేవాళ్ళు ఉన్నారు. తెల్లారి ఆరింటికి డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కి వచ్చేస్తారు. వాళ్ళకు చెప్పేది ఒకటే: ముందు ఇంటికెళ్ళి గది చీకటి చేసుకుని ఆరేడు గంటలు పడుకోండి, లేచి తిని సాయంత్రం బరువులెత్తండి. నిద్రలేని ఒంటితో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును లేపడం) ప్రమాదం. వారంలో మూడు రోజులు కుదరకపోతే రెండే రోజులు చెయ్యండి, అవే పనిచేస్తాయి.

9. నొప్పి ఉన్న రోజు ఏం చెయ్యాలి

మంచం ఎక్కి పడుకోకండి. 20 నుంచి 30 నిమిషాల నడక, మెల్లగా సైకిల్. ఒళ్ళు వేడెక్కాక నొప్పి సడలడం మీకే తెలుస్తుంది. ఆ సడలింపు కొన్ని గంటలే ఉంటుంది గానీ ఆ రోజు గడవడానికి చాలు. కొత్తపట్నం, మైపాడు బీచ్‌ల దగ్గర్లో ఉన్నవాళ్ళు పొద్దున్నే గట్టి ఇసుక మీద నడవండి. మెత్తటి ఇసుక పిక్కలను ఇంకా లాగేస్తుంది. అలల్లోకి దిగొద్దు, బిగుసుకున్న కాళ్ళతో ఈదడం మంచిది కాదు.

నువ్వుల నూనె కాస్త గోరువెచ్చన చేసి మర్దనా చేయించుకుంటే నొప్పి కొంత తగ్గుతుంది. ఒత్తిడి మోస్తరుగా ఉండాలి. పిడికిళ్ళతో గుద్దించుకుంటే దెబ్బ మీద దెబ్బ. వేణ్ణీళ్ళ స్నానం హాయి. ఫోమ్ రోలర్ (కండ కింద దొర్లించే గట్టి ఫోమ్ గొట్టం) ఉంటే ఒక్కో కండకు ఒకటి రెండు నిమిషాలు చాలు.

ఐస్ నీళ్ళలో కూర్చునే వీడియోలు చూసి డ్రమ్ములు కొంటున్నారు. నొప్పిని కొంత తగ్గించే మాట నిజమే. కానీ 2015లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, 12 వారాల పాటు ప్రతి వ్యాయామం తర్వాత పది నిమిషాలు చన్నీళ్ళలో కూర్చున్నవాళ్ళకు కండ, బలం తక్కువగా పెరిగాయి. పోటీలో ఒకే రోజు రెండుసార్లు దిగే ఆటగాడికి అది పనికొస్తుంది. కండ పెంచుకోవాలని వచ్చిన వాడికి రోజూ వద్దు.

నొప్పి మాత్రలు, ఇంజక్షన్ల గురించి గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళలో ఒళ్ళు నొప్పులనగానే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం మామూలైపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీలకు చేటు, ఖాళీ కడుపున అయితే పుండ్లు. పైగా నొప్పి తెలియకుండా చేసుకుని మళ్ళీ బరువెత్తితే నిజంగా దెబ్బ తగిలినా తెలియదు. కొద్ది రోజులు ఓర్చుకుంటే పోయే నొప్పికి మందు వద్దు. ఓర్చుకోలేనంత ఉంటే పైన రెండో భాగంలో చెప్పిన గుర్తులు చూసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

10. నోటుపుస్తకం, తేలిక వారం

పది రూపాయల నోటుపుస్తకం ఒకటి బ్యాగులో పెట్టుకోండి. తారీకు, బరువు, సెట్లు, రెప్స్ (సెట్‌కి ఎన్ని సార్లు), నొప్పి మార్కు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. పొద్దున లేవగానే మంచం మీదే నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నో అదీ రాయండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "స్క్వాట్ 80 × 5, 5, 4. నొప్పి 4. నిద్ర 5. నాడి 71." నా మామూలు నాడి 62. ఆ వారమంతా అలాగే ఉంది, బరువులు ఒక్క కిలో కూడా పెరగలేదు, చిన్న చిన్న వాటికి ఇంట్లో విసుక్కున్నాను కూడా. అలాంటి గుర్తులు వరసగా నాలుగైదు రోజులు కనపడితే ఒళ్ళు తేరుకోవడం లేదని అర్థం.

అప్పుడు ఒక వారం తేలిక చెయ్యండి. జిమ్‌కి వెళ్ళండి, సెట్లు సగం చెయ్యండి, బరువు కూడా పది నుంచి ఇరవై శాతం దించండి. గుర్తులు కనపడకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి ఇలా చేస్తే మంచిది. ఆ వారం తర్వాత నేను 80 కిలోలు అయిదేసి చొప్పున మూడు సెట్లూ పూర్తిచేశాను.

11. విరామం తర్వాత తిరిగొచ్చేటప్పుడు

సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులు, పెళ్ళిళ్ళ సీజన్లో మూడు వారాలు పోతాయి. కండరం నేర్చుకున్న కాపు మెల్లగా తగ్గుతుంది. తిరిగొచ్చిన రోజు పాత బరువు పెట్టారంటే మొదటి వారం నొప్పి మళ్ళీ పలకరిస్తుంది. రెండు వారాలు దాటిన విరామమైతే పాత బరువులో 60 శాతంతో, రెండే సెట్లతో మొదలుపెట్టండి. వారానికి పది శాతం చొప్పున పెంచండి, నెలలో పాత చోటుకు చేరతారు.

జ్వరం తర్వాతైతే ఇంకా నిదానం. డెంగీ, చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్ళు కీళ్ళ నొప్పులు, నీరసం పూర్తిగా పోయి, డాక్టరు సరేనన్నాకే జిమ్ మెట్లెక్కాలి. మొదటి రోజు ఖాళీ బార్, రెండు సెట్లు. మర్నాడు పొద్దున ఎలా ఉందో పుస్తకంలో రాసుకుని, దాన్నిబట్టి మూడో రోజు ఎంత బరువు పెట్టాలో చూసుకోండి.